ఫీజు కట్టే ముందు ఒక్క మాట

అమ్మడూ,

నువ్వు వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బీకాం చదివినదానికి ఇప్పుడిదెందుకే అని దాని గోల. నాకైతే లోపల్లోపల మురిపెంగానే ఉంది. కానీ కోర్సుకి 40 వేలు కడుతున్నావని వినగానే గుండె జారింది. కాస్త ఆగు.

ముందు పేజీ కట్టే హెచ్‌టీఎంఎల్, తర్వాత దానికి సోకులు దిద్దే సీఎస్‌ఎస్, ఆ తర్వాత దానిచేత పని చేయించే జావాస్క్రిప్ట్. ఫ్రీకోడ్‌క్యాంప్ అనే సైట్‌లో పైసా కట్టకుండా మొదలుపెట్టొచ్చు.

నా సంగతి విను. 2005లో తాతయ్య మినుములమ్మిన డబ్బు పట్టుకెళ్ళి అమీర్‌పేటలో ఫీజు కట్టాను. మైత్రీవనం దగ్గర జిరాక్స్ తీయించి స్పైరల్ వేయించుకున్న నోట్సే నాకు వేదవాక్కు. బటన్ నొక్కితే పని జరగాలంటే అటాచ్‌ఈవెంట్ అని రాయాలని ఉందందులో. బట్టీ పట్టేశాను. మొదటి ఉద్యోగంలో డెమో రోజున క్లయింట్ తన ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ తెరిచి సబ్మిట్ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ నొక్కాడు. "నెట్ స్లోగా ఉంది సర్" అన్నాను. పచ్చి అబద్ధం, ఆయనకీ తెలుసు. తీరా చూస్తే అటాచ్‌ఈవెంట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ సొంత సరుకు. ప్రమాణంలో ఉన్నది యాడ్‌ఈవెంట్‌లిజనర్. ఆ నోట్సు ఏ ఏటిదో, ఏ బ్రౌజర్ కోసం రాసిందో నాలుగు నెలల్లో ఒక్కరోజూ అడగలేదు నేను. హాస్టలుకొచ్చి అన్నం ముట్టలేదు. ఇంటికి ఫోన్ చేసి అంతా బాగుందన్నాను.

అందుకే చెప్తున్నా, ఏది నేర్చుకున్నా, ఈ వెబ్ భాషల వివరాలన్నీ ఉండే ఎండీఎన్ సైట్‌లో ఆ పేజీ తెరిచి చూడు. ఏ బ్రౌజర్లో పనిచేస్తుందో అడుగున పట్టిక ఉంటుంది. కాలం చెల్లినదైతే డెప్రికేటెడ్ అని పైనే ఉంటుంది. డబ్ల్యూత్రీస్కూల్స్ సైట్ చటుక్కున చూసుకోడానికి సరే గానీ, పేరు చూసి ప్రమాణాలు రాసే డబ్ల్యూత్రీసీ వాళ్ళదనుకునేవు. కాదు.

వీడియోలు చూడొద్దనను. చూసి అలాగే దించేస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. సర్వర్ నుంచి సమాచారం తెప్పించే జావాస్క్రిప్ట్ ఫెచ్ సంగతే తీసుకో. అడిగింది దొరకలేదని సర్వర్ 404 పంపినా అది తప్పు జరిగిందని ఒప్పుకోదు, తప్పుల్ని పట్టుకోడానికి నువ్వు రాసిన క్యాచ్‌లోకి రాదు. జవాబు సరిగ్గా వచ్చిందో లేదో రెస్పాన్స్ డాట్ ఓకేతో నువ్వే చూసుకోవాలి. ఎండీఎన్‌లో ఇది స్పష్టంగా రాసుంది, చాలా వీడియోల్లో దాటేస్తారు.

ఓపెన్‌మీటియో అని నీ ప్రోగ్రామ్ అడిగితే వాతావరణం చెప్పే సర్వీసు (ఏపీఐ అంటారు) ఉంది, నేర్చుకోడానికి కీ అనే అనుమతి కోడ్ కూడా అక్కర్లేదు. తెనాలి అక్షాంశ రేఖాంశాలు పెట్టి ఫెచ్‌తో అడుగు. బ్రౌజర్లోనే ఉండే డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి ఏం వెళ్ళిందో, ఏం వచ్చిందో చూడు. కావాలనే అడ్రస్ తప్పు కొట్టి కూడా చూడు.

ఆదివారం ఫోన్ చేస్తాను. మీ ఊళ్ళో ఎండెంతుందో నీ పేజీలో చూసి చెప్పు. పనిచేయకపోతే పనిచేయలేదనే చెప్పు, నెట్ మీదకి తోయకు.

మీ పెద్దమ్మ