ఆ పైపును ముందు అవతల పెట్టు

చి. అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

నీ బండి ముందు చక్రానికి కొత్త బ్రేకు డిస్కును నువ్వే బిగించుకోబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు గర్వంగా అనిపించింది. పాత డిస్కు బోల్టుల్లో ఒక్కటీ కదలడం లేదనీ, బోల్టు తల గుంటలో పెట్టి తిప్పే ఎలన్ కీకి తొడగడానికి పొడవాటి పైపు వెతుకుతున్నావనీ విన్నాక మాత్రం ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అవి తుప్పుతో బిగుసుకున్నవి కావు. అదురుకు వదులు కాకుండా మరలకు జిగురు పూసి బిగించినవి. గాలి అందని చోట, లోహం తాకి గట్టిపడే ఆ ద్రవం మరల సందులన్నీ నింపేస్తుంది కాబట్టి నూనె పోసి ఎంతసేపు ఉంచినా లోపలికి దిగదు. నీలం రంగు రకం మామూలు పనిముట్లకే లొంగుతుంది. ఎర్ర రకం సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే గాని మెత్తబడదు.

చక్రాన్ని ఊడదీసి, డిస్కు మీద బరువు పడకుండా చెక్క దిమ్మెల మీద పడుకోబెట్టు. బోల్టు తల గుంటలోని మట్టిని సూదితో తీసెయ్యి. కళ్ళద్దాలూ చేతి తొడుగులూ వేసుకో.

నీ వయసులో నేను ఇవేవీ చేయలేదు. అంచులు అరిగిన ఎలన్ కీకి పైపు తొడిగి బలమంతా ఉపయోగిస్తే ఆరు బోల్టుల్లో ఐదు వచ్చాయి, ఆరోదాని గుంట గుండ్రంగా అరిగిపోయింది. అక్కడ ఆగవలసింది. ఆగకుండా, సెంటర్ పంచ్ అనే మొనదేలిన ఉలితో నడుమ గుర్తయినా పెట్టకుండా డ్రిల్ వేసి, ఆ వంకర రంధ్రంలోకి, మొరాయించిన బోల్టును పట్టి తీసే ఎక్స్‌ట్రాక్టర్‌ను దించి తిప్పితే అది లోపలే విరిగింది. అది ఎంత గట్టిదో అంత పెళుసు. మళ్ళీ డ్రిల్ పెడితే మొన దాని మీద నిలవక, పక్కకు జారి చక్రం నడిబొడ్డున ఉండే మెత్తని అల్యూమినియం హబ్‌ను తినేసింది. అయినా బుద్ధి రాలేదు. ఐదు బోల్టులు చాలులే అనుకుని కొత్త డిస్కు బిగించి, మీ అమ్మను వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాను. మొదటిసారి గట్టిగా బ్రేకు పట్టినప్పుడు హ్యాండిల్ వణికింది. వెనక తను ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉంది. బండి ఆపి, పెట్రోలు అయిపోయిందని అబద్ధమాడి, ఇంటిదాకా తోసుకుంటూ నడిచాను. పెట్రోలు కూడా చూసుకోవని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను. వేడి గాలి ఊదే హీట్ గన్‌తో ఒక్కొక్క బోల్టునూ, దాని చుట్టూ ఉన్న హబ్‌నూ కొన్ని నిమిషాలపాటు వేడి చెయ్యి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు ఇంకా సడలుతుంది. బేరింగు సీళ్ళ వైపు వేడి పోనివ్వకు. హీట్ గన్ లేకపోతే టంకం వేసే సాల్డరింగ్ ఐరన్ మొనను గుంటలో ఉంచినా కొంత పని జరుగుతుంది. మంట జోలికి మాత్రం పోవద్దు. పెట్రోలు సంగతి అటుంచి, కొన్ని రకాల బ్రేక్ క్లీనర్ల తడి మీద వేడి తగిలితే విషవాయువు పుడుతుంది.

వేడి తగ్గకముందే గుంటలో పట్టే ఆరు పలకల మొనను, అంటే కొత్త హెక్స్ బిట్‌ను, సుత్తితో రెండు దెబ్బలు కొట్టి గుంట అడుగుదాకా దించు. ఆ దెబ్బలకు జిగురు పట్టు కూడా కొంత విరుగుతుంది. ముందు వెంట్రుకవాసి బిగించి, తరువాత నిదానంగా వదులు చెయ్యి. టక్కుమని కదిలాక ఆపకు, చల్లారితే మళ్ళీ పట్టేస్తుంది. ఇంత చేసినా గుంట అరుగుతున్నట్టు అనిపిస్తే, నీకు మావయ్య మీద ఒట్టు, అక్కడే చెయ్యి తీసెయ్యి. బోల్టు తలను మాత్రం డ్రిల్‌తో తొలగిస్తే డిస్కు ఊడి వస్తుంది, మిగిలిన మొండేన్ని వేడి చేసి పట్టుకుంటే వదలని వైస్ గ్రిప్ ప్లయర్‌తో తిప్పవచ్చు. నేను చేయవలసింది అదే.

బిగించేటప్పుడు హబ్ మరల్లోని పాత జిగురు పొడిని పూర్తిగా తీసి, కొత్త బోల్టులకు నీలం రకం ఒక్క చుక్క వేసి, ఎదురెదురుగా ఉన్నవాటిని మార్చి మార్చి, నీ బండి సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, బిగించు. జిగురు పూర్తిగా గట్టిపడడానికి 24 గంటలు వదిలెయ్యి. బోల్టులన్నీ కనిపించేలా ఫోటో తీసి నాకు పంపు, నేనూ లెక్కపెడతాను. మీ అమ్మను ఎక్కించుకునేది ఆ తరువాతే. పెట్రోలు సంగతి ఆవిడకు నేనే చెప్పుకుంటాను.

మీ మావయ్య