బండి ఎత్తు తగ్గించకు, షాకప్స్ మార్చు

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. నీ పోలో కారుకి కాయిలోవర్లు (మర తిప్పి ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాకప్ జతలు) వేయించాలా, లోయరింగ్ స్ప్రింగులు (బండిని కిందికి దించేవి) సరిపోతాయా అని అడిగావు. హైదరాబాద్‌లో నీ దోస్తు బండిని నువ్వు నడిపినప్పటి నుంచి నీ బండి మలుపుల్లో ఊగిపోతున్నట్టు అనిపిస్తోందని రాశావు. నా మాట ముందే చెప్పేస్తున్నా: బండి ఎత్తు తగ్గించకు. స్ప్రింగులు కంపెనీవే ఉంచి, ఉన్న పైసలన్నీ మంచి షాకప్స్ (షాక్ అబ్జార్బర్లు) మీద పెట్టు. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

నీ దోస్తు బండి తిరిగేది ఔటర్ రింగ్ రోడ్డు మీద. నువ్వు వారమంతా హన్మకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి పోయి వస్తావు. ఆదివారం వస్తే వెనక సీట్లో మీ అమ్మ, నాయనమ్మ ఉంటారు. మన వైపు పత్తి పండే నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. పైన తారు ఎంత నున్నగా ఉన్నా, ఆ నేల మీద వేసిన రోడ్డు కొన్నేళ్లకు అలలు తిరుగుతుంది. దాని మీద బొగ్గు లారీలు, ఇసుక లారీలు. చక్రాలు పోయే చోట గాడి పడుతుంది. ఊరు వచ్చిందంటే స్పీడ్ బ్రేకర్. పాత ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటే 25 స్పీడులో హాయిగా దాటొచ్చు. ఊళ్లలో జనం సొంతంగా పోసుకున్నవాటికి ఏ లెక్కా ఉండదు, కొన్ని నిలువుగా గట్టులాగే ఉంటాయి. నువ్వు సస్పెన్షన్ ఎంచుకోవాల్సింది ఈ రోడ్డు కోసం.

ఇప్పుడు ఆ అలల సంగతి. మామూలు కారు బాడీ స్ప్రింగుల మీద సెకనుకు ఒకటిన్నర సార్లకు లోపే ఊగుతుంది. 80 స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అంటే రోడ్డు మీద అలలు 15 నుంచి 18 మీటర్లకొకటి ఉంటే, బండి తనంతట తాను ఊగే తాళానికి సరిగ్గా కలుస్తాయి. ఊయల వెనక్కి వచ్చినప్పుడల్లా తోస్తే ఊపు ఎలా పెరుగుతుందో, ఇక్కడా అంతే. నువ్వు ‘ఊగిపోతోంది’ అంటున్నది చాలావరకు ఇదే అయి ఉంటుంది. దాన్ని ఆపే పని స్ప్రింగుది కాదు, షాకప్‌ది. స్ప్రింగు బరువు మోస్తుంది, గుంత దెబ్బను లోపల దాచుకుని తిరిగి బయటికి తోస్తుంది. ఆ తిరిగి తోసే బలాన్ని నూనెలో వేడిగా మార్చి చల్లార్చేది షాకప్. షాకప్ అరిగిన బండికి గట్టి స్ప్రింగు వేస్తే ఊపు ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే గట్టి స్ప్రింగును అదుపు చేయడానికి ఇంకా బలమైన షాకప్ కావాలి.

అందుకే ఏదైనా కొనే ముందు ఉన్న షాకప్స్ ఎలా ఉన్నాయో చూడు. నీది సెకండ్ హ్యాండ్ బండి, 80 వేల కిలోమీటర్లు దాటింది అన్నావు. ఒక్కో మూల బానెట్ మీద, డిక్కీ మీద గట్టిగా నొక్కి వదులు. లేచి ఒక్కసారి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే అది పోయినట్టే. కుదురుకున్నంత మాత్రాన బాగున్నట్టు కూడా కాదు, సగం అరిగినవి ఈ పరీక్షలో దొరకవు. రాడ్ మీద నూనె తడి ఉందా చూడు. టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ తిప్పు, ఎత్తుపల్లాలుగా అరిగి ఉంటే చక్రం రోడ్డు మీద ఎగురుతోందని అర్థం. లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని బాడీకి కలిపే ఆర్మ్‌లోని రబ్బరు ముక్కలు), స్ట్రట్ మౌంట్లు (ముందు షాకప్ పైకొనను బాడీకి పట్టించేవి) కూడా మెకానిక్‌ను ఊపి చూడమను. చాలామంది సస్పెన్షన్ బాగోలేదని కొత్త కిట్ కోసం వస్తారు. నాలుగు బుష్‌లు, రెండు మౌంట్లు మార్చి అలైన్‌మెంట్ చేస్తే సగం జబ్బు అక్కడే పోతుంది.

మంచి షాకప్‌కీ, గట్టి షాకప్‌కీ తేడా నువ్వు బాగా అర్థం చేసుకోవాలి. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. లోపలి పిస్టన్ రెండు రకాలుగా కదులుతుంది. మలుపులో బండి ఒరిగినప్పుడు, బ్రేకు వేస్తే ముక్కు కిందికి వంగినప్పుడు, రోడ్డు అలల మీద బాడీ ఊగినప్పుడు అది నెమ్మదిగా కదులుతుంది. గుంతలో చక్రం పడినప్పుడు, స్పీడ్ బ్రేకర్ అంచు తగిలినప్పుడు చాలా వేగంగా కదులుతుంది. మనకు కావాల్సింది నెమ్మది కదలికకు గట్టిగా నిలబడి, వేగమైన దెబ్బకు దారి ఇచ్చే షాకప్. చవక రకాల్లో నూనె పోయే రంధ్రం, వాల్వు మొరటుగా ఉంటాయి. నెమ్మదిగా ఉన్నప్పుడు వదులు, దెబ్బ తగిలినప్పుడు రాయి. అలాంటిది వేసుకుంటే మలుపులో ఊగుతుంది, గుంతలో నడుము విరుగుతుంది, రెండు విధాలా నష్టం. మంచి వాల్వు ఉన్న షాకప్‌తో మాత్రం సుఖం, పట్టు రెండూ ఒకేసారి పెరుగుతాయి. సుఖం కావాలంటే పట్టు వదులుకోవాలనే మాట ఒక హద్దు దాటాకే నిజం. కంపెనీ షాకప్స్ అరిగిన బండి ఆ హద్దుకు ఇంకా చాలా దూరంలో ఉంటుంది.

ఇక ఎత్తు తగ్గించడం. 30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు చూడటానికి బాగుంటాయి, కాదనను. స్ప్రింగు 20 శాతం గట్టిపడితే బండి ఊగే వేగం పెరిగేది పది శాతం లోపే. అది నువ్వు తట్టుకోగలవు. అసలు నష్టం చక్రం పైకి లేవడానికి ఉన్న చోటు తగ్గడం. ఆ చోటు అయిపోగానే షాకప్ బంప్ స్టాపర్ (చివర్లో అడ్డుకునే రబ్బరు దిమ్మ) మీద కూర్చుంటుంది. అప్పుడు స్ప్రింగు పని చేయదు, రోడ్డు దెబ్బ నేరుగా బాడీకి వస్తుంది. కుదుపు సంగతి అలా ఉంచు, మలుపు మధ్యలో ముందు చక్రం స్టాపర్ మీద కూర్చుంటే ఆ చక్రం మీదికి బరువు ఒక్కసారిగా వచ్చి టైరు పట్టు వదిలేస్తుంది. బండి మలుపు బయటికి జారుతుంది. పస్రా దాటాక తాడ్వాయి అడవిలో మేడారం దారి గుర్తుందా? అక్కడి మలుపుల్లో తారు అంచు విరిగిన చోట ఎత్తు తగ్గించిన బండి ఎంత అల్లాడుతుందో నేను పక్క సీట్లో కూర్చుని చూశాను.

ఇంకో సంగతి చాలా మందికి తెలియదు. ముందు చక్రాలకు మాక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకప్ కలిసి ఒకే స్తంభంగా ఉండేది) ఉన్న నీలాంటి బండిని దించితే బరువు కేంద్రం దిగుతుంది, కానీ బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ అంతకంటే ఎక్కువ దిగుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, బాడీ ఇంకా సులువుగా ఒరుగుతుంది. అందుకని దించిన బండికి గట్టి స్ప్రింగు తప్పనిసరి అవుతుంది, దాంతో సుఖం పోతుంది. సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే కుదుపే కూర్చున్న మనిషి ఒంటిని అన్నిటికంటే ఎక్కువ బాధిస్తుంది. గట్టి సెటప్, సన్నని టైరు కలిస్తే ఆ రకం కుదుపు బాడీలోకి ఎక్కువగా వస్తుంది. మీ అమ్మ నడుము నొప్పి సంగతి నీకు నేను చెప్పాలా.

నీ బండిలో చక్రం పైకి లేచే చోటు ఇప్పుడు ఎంత వాడకమవుతోందో తెలుసుకోవాలంటే, ముందు చక్రం షాకప్ డస్ట్ కవర్ పైకి లేపి రాడ్‌కి సన్నని కేబుల్ టై కట్టి కిందికి జరిపి పెట్టు. భూపాలపల్లి పోయి రా. టై ఎంత పైకి జరిగిందో అంత దూరం కుంగినట్టు. అది బంప్ స్టాపర్‌ను తాకే దాకా పోతే, నీ రోడ్డుకు కంపెనీ ఎత్తే బొటాబొటిగా సరిపోతోందని నీకే కనబడుతుంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎవరు ఎంత చెప్పినా లోయరింగ్ స్ప్రింగులకు డబ్బు కట్టకు.

స్ప్రింగు కట్ చేసి దించుతామనే వాళ్లు ఆటోనగర్‌లోనూ దొరుకుతారు, వాళ్ల దగ్గరికి పోకు. చుట్టు తగ్గిన కొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది, పైగా చివరి చుట్టు కప్పులో సరిగా కూర్చోదు. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు కూడా వద్దు. అవి ఉన్న చోట చుట్లు పనిచేయడం మానేస్తాయి, ఆ భారం మిగతా చుట్ల మీద పడుతుంది.

కాయిలోవర్లు చెడ్డవని అనను. ట్రాక్ మీద తిరిగేవాడికి, మూల మూలకూ బరువు సరిచూసుకునేవాడికి అవి కావాలి. మన దుమ్ములో, వానాకాలం బురదలో మర తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. అదీగాక, కింది రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని అనుకుంటారు. మామూలు స్ప్రింగుకు అలా జరగదు, ఎత్తు మాత్రమే మారుతుంది. పైన క్లిక్కులు తిప్పే నాబ్ చాలా కిట్లలో ఎక్కువగా రీబౌండ్‌నే మారుస్తుంది, అంటే స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు ఆపే బలాన్ని. దాన్ని బాగా బిగిస్తే, వరుస గుంతల్లో చక్రం కిందికి వచ్చే లోపే తర్వాతి గుంత వస్తుంది. బండి మెల్లగా కుంగుతూ పోయి స్టాపర్ మీద కూర్చుంటుంది.

ఏది కొనాలంటే, కంపెనీ ఎత్తుకే చేసిన మంచి షాకప్ కొను. బిల్‌స్టైన్ బ్రాండులో బీ4 మామూలు మార్పిడి రకం. బీ6 కంపెనీ ఎత్తుకు చేసిన మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న షాకప్). బీ8 ఎత్తు తగ్గించిన స్ప్రింగుల కోసం పొట్టిగా చేసింది, అది నీకు అక్కర్లేదు. కోనీలో స్పెషల్ యాక్టివ్ అని ఎర్రటిది వస్తుంది, చక్రం వేగంగా అదిరినప్పుడు తానే మెత్తబడే వాల్వు దాని లోపల ఉంటుంది. ఖర్చు తగ్గాలంటే కేవైబీ, మన్రో, గాబ్రియెల్ చూడు. మోనోట్యూబ్‌లో నూనె, నైట్రోజన్ వేరువేరు గదుల్లో ఉంటాయి కాబట్టి మే నెల ఎండలో ఎంతసేపు గుంతల్లో తిరిగినా నూనె నురగ కట్టదు, పట్టు తగ్గదు. కానీ చిన్న గతుకులు కొంచెం ఎక్కువ తెలుస్తాయి, రాయి తగిలి గొట్టం సొట్టపడితే పని అయిపోతుంది. మీ ఇంట్లో వెనక కూర్చునేవాళ్లను చూస్తే నాకు స్పెషల్ యాక్టివ్ వైపే మొగ్గు ఉంది. అది నీ మోడల్‌కు దొరకకపోతే బీ4 లేదా కేవైబీ. నువ్వు ఒక్కడివే తిరిగే బండి అయితే బీ6 వేయించుకోమనేవాణ్ని. ఆర్డర్ పెట్టే ముందు చాసిస్ నంబర్‌తో పార్ట్ నంబర్ సరిచూడు, ఒకే మోడల్‌లో కూడా స్ట్రట్ సైజులు మారుతుంటాయి. నాలుగూ ఒకేసారి మార్చు. కుదరకపోతే ముందు రెండూ లేదా వెనక రెండూ జతగా మార్చాలి, ఒక్కటి మాత్రం మార్చకు.

టైర్లు ఇప్పుడున్న 185/60 ఆర్15 నుంచి పదహారు అంగుళాలకు పెంచుతానన్నావు. ఇప్పటి టైరు పక్క గోడ 111 మిల్లీమీటర్లు. 195/50 ఆర్16 వేస్తే 97 చిల్లర. దెబ్బను మొదట తీసుకునేది ఆ రబ్బరే, అందులో 13 మిల్లీమీటర్లు ఎందుకు పోగొట్టుకుంటావు? పదిహేనులోనే మంచి టైరు వేయి, డోర్ పిల్లర్ మీద రాసి ఉన్న గాలి పెట్టు.

బిగించేటప్పుడు నువ్వు దగ్గర ఉండు. షాకప్ రాడ్ పైనట్టును ఎయిర్ గన్‌తో తిప్పనివ్వకు, రాడ్ గిరగిరా తిరిగి సీల్ కోసుకుపోతుంది. ఆర్మ్ బుష్‌లు కొత్తవి వేస్తే వాటి బోల్టులు బండి జాకీ మీద వేలాడుతున్నప్పుడు ఫైనల్‌గా బిగించకూడదు. బరువు చక్రాల మీదికి వచ్చాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి, బండి గట్టిగా అనిపిస్తుంది, బుష్ తొందరగా చిరుగుతుంది. ఈ ఒక్క పని సరిగా చేయక ఖరీదైన షాకప్స్‌కు చెడ్డపేరు రావడం చాలా చోట్ల చూశాను. కొత్త మౌంట్లు, బంప్ స్టాపర్లు, డస్ట్ కవర్లు అదే బిల్లులో వేయించు. స్ప్రింగు కంప్రెసర్ పాతబడి ఉంటే ఆ షాపులో పని చేయించకు, నొక్కి పట్టిన స్ప్రింగు జారితే ప్రాణం మీదికి వస్తుంది. తర్వాత అలైన్‌మెంట్ చేయించు, వెయ్యి కిలోమీటర్ల లోపు ఇంకోసారి చూపించు.

చట్టం సంగతి కూడా మరిచిపోకు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కంపెనీ ఎత్తులో కంపెనీ రకం షాకప్ మార్పిడికి ఆ టెన్షన్ ఉండదు. అయినా బిల్లులు దాచు, ఇన్సూరెన్స్ వాళ్లకు ఒక మెయిల్ పెట్టు.

ఇవన్నీ అయ్యాక కూడా మలుపులో బండి ఇంకా ఒరుగుతోందనిపిస్తే అప్పుడు వెనక యాంటీ రోల్ బార్ (బండి ఒరగకుండా ఆపే కడ్డీ) గురించి మాట్లాడుకుందాం. దానికి తొందర లేదు, ఒక వానాకాలం తిరిగి చూడు. తీసేసిన పాత స్ప్రింగ్ సీట్లు, బోల్టులు పారేయమని షాపువాడికి చెప్పకు, ఒక సంచిలో వేసి ఇంటికి తెచ్చుకో. కేబుల్ టై ఎంత జరిగిందో ఫొటో తీసి నాకు పంపు.

మీ మామ
హన్మకొండ