ఇంట్లో ఒకరికి శిక్ష పడితే ఇంటి బీమా సంగతేంటి?

బ్రిటన్‌లో ఇల్లు కొనుక్కున్న, అద్దెకుంటున్న తెలుగువాళ్ల నుంచి ఈ విషయంపై వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. శిక్షల గడువులు ఇంగ్లండ్, వేల్స్‌లకు చెందినవి. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో లెక్క వేరు.

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. గొడవలో ఒకరిని కొట్టినందుకు పది నెలల కిందట కోర్టు 6 నెలల జైలు వేసి, దాన్ని 2 ఏళ్ల పాటు సస్పెండ్ చేసింది. మాతోనే ఉంటున్నాడు. ఇంటి బీమా మా ఇద్దరి పేరు మీద ఉంది, వచ్చే నెల రెన్యూవల్. ‘పాలసీలో వాడి పేరే లేదు, మనమెందుకు చెప్పాలి’ అంటున్నారు మావారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: పాలసీ ఎవరి పేరు మీద ఉందన్నది కాదు, కంపెనీ ఏమని అడిగిందన్నది ముఖ్యం. చాలా ఫారాల్లో ప్రశ్న ఇలా ఉంటుంది: ‘మీకు గానీ, మీతో ఆ ఇంట్లో ఉండేవారిలో ఎవరికైనా గానీ, ట్రాఫిక్ నేరాలు కాకుండా మరే నేరానికైనా శిక్ష పడిందా? ఏదైనా కేసు విచారణలో ఉందా?’ ‘మీతో ఉండేవారు’ అన్న మాట ఉందంటే మీ అబ్బాయి దాని కిందికి వస్తాడు.

2013 ఏప్రిల్ 6 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల బీమా చట్టం ప్రకారం, అడగని సంగతి మీ అంతట మీరు చెప్పనక్కర్లేదు. అడిగినదానికి మాత్రం తగినంత జాగ్రత్తగా నిజం చెప్పాలి. చిక్కల్లా ఎక్కడంటే, ధరలు పోల్చి చూపే వెబ్‌సైట్లు కొన్ని ఈ ప్రశ్నను నేరుగా వేయవు. ‘ఈ ఇంట్లో ఎవరికీ శిక్ష పడలేదని మేం అనుకుంటున్నాం’ అన్న వాక్యాన్ని పది పన్నెండు వాక్యాల మధ్య పెట్టి, కింద ‘అంగీకరిస్తున్నాను’ బటన్ ఇస్తాయి. అది నొక్కితే మీరు జవాబు చెప్పినట్టే లెక్క. రెన్యూవల్ కాగితాలతో మీ పాత జవాబుల పట్టిక కూడా వస్తుంది. ‘సరిచూసి, మార్పులుంటే చెప్పండి’ అని కంపెనీ అడిగినప్పుడు ఊరుకున్నా తప్పుడు సమాచారం ఇచ్చినట్టుగా తీసుకునే వీలు చట్టంలో ఉంది. శిక్ష పడినప్పటికే పాత పాలసీ నడుస్తోంది కాబట్టి, మధ్యలో వచ్చే మార్పులు చెప్పాలన్న షరతు దాన్లో ఉందేమో కూడా చూడండి.

ఇక గడువు. ఏడాది లోపు జైలు శిక్ష పూర్తయ్యాక మరో ఏడాది గడిస్తే అది ‘స్పెంట్’ అవుతుంది. ఆపైన బీమా కంపెనీకి చెప్పనక్కర్లేదు. సస్పెండ్ చేసిన శిక్షకు సస్పెన్షన్ కాలాన్ని లెక్కించరు, వేసిన జైలు కాలాన్నే లెక్కిస్తారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. అంటే మీ అబ్బాయి విషయంలో 6 నెలలు, దానిపై 12 నెలలు, మొత్తం 18 నెలలు. ఇంకా 8 నెలలు ఉన్నాయి కాబట్టి ఈ రెన్యూవల్‌కు చెప్పాలి, ఆ పై ఏటికి అవసరముండదు. తీర్పులో పరిహారం కట్టమన్న ఆదేశం కూడా ఉంటే అది పూర్తిగా కట్టేదాకా ఆగాలి.

చెప్పకపోతే ఏమవుతుందో ఒక లెక్క చూడండి. మీరు కట్టింది 240 పౌండ్లు. నిజం తెలిస్తే కంపెనీ 400 అడిగేది. పైపు పగిలి 10,000 పౌండ్ల నష్టం జరిగింది. మీది అజాగ్రత్త మాత్రమే అయితే 240ని 400తో భాగించినంత, అంటే 60 శాతం, 6,000 ఇస్తారు. శిక్షకూ పైపుకూ సంబంధం లేదు కదా అంటే కుదరదు. నిజం తెలిస్తే అసలు పాలసీయే ఇచ్చేవారు కాదని తేలితే క్లెయిమ్ పోతుంది, ప్రీమియం వెనక్కిస్తారు. తెలిసీ దాచారని కంపెనీ నిరూపిస్తే రెండూ పోవచ్చు. మీవారి మాట వింటే మీరు పడేది ఈ చివరి గుంపులోనే, ఎందుకంటే మీకు సంగతి తెలుసు.

చెప్పేటప్పుడు ‘ఒక కేసుంది’ అని ఊరుకోకండి. నేరం పేరు, శిక్ష పడిన తేదీ, శిక్ష ఎంత అన్నవి రాసి, జవాబు రాతలోనే తీసుకోండి. కంపెనీ కాదంటే, పాలసీని వాళ్లు రద్దు చేసేలోపు మీరే మానుకునే అవకాశం అడగండి. ‘మీ బీమాను ఎప్పుడైనా కంపెనీ రద్దు చేసిందా’ అన్న ప్రశ్న తర్వాత ప్రతి ఫారంలోనూ ఎదురవుతుంది. అయితే కొత్త పాలసీ చేతికి రాకముందే పాతది వదలకండి, హోమ్‌లోన్ ఉంటే భవనానికి బీమా తప్పనిసరి. శిక్ష పడినవారికి పాలసీలు చూసిపెట్టే బ్రోకర్ల జాబితా ‘అన్‌లాక్’ అనే స్వచ్ఛంద సంస్థ దగ్గర దొరుకుతుంది. దొంగతనం, మోసం, నిప్పు పెట్టడం లాంటి నేరాలకు కంపెనీలు బిగుసుకున్నంతగా కొట్లాట కేసుకు బిగుసుకోకపోవచ్చు. కాబట్టి ఒకరు కాదన్నారని ఆగిపోకండి.

ప్రశ్న: నాన్నగారికి 2009లో ఒక షాపులో దొంగతనం కేసులో జరిమానా పడింది. ఫారంలో ‘ఎప్పుడైనా’ అని ఉంది. అబద్ధం చెప్పినట్టవుతుందా?

జవాబు: కాదు. పెద్దవాళ్లకు పడిన జరిమానా శిక్ష తేదీ నుంచి ఏడాదికే స్పెంట్. ‘ఎప్పుడైనా’ అని అడిగినా, స్పెంట్ అయిన శిక్షలు ఆ ప్రశ్నలోకి రావని 1974 నాటి నేరస్థుల పునరావాస చట్టమే చెబుతోంది. ‘లేదు’ అని రాయండి. ఇండియాలో పడిన శిక్షకూ ఇదే సూత్రం. ఇక పెద్ద శిక్షలు స్పెంట్ అయ్యే గడువులు: ఏడాదికి మించి 4 ఏళ్ల దాకా జైలు పడితే, శిక్ష ముగిశాక 4 ఏళ్లు, అంతకు మించి పడితే 7 ఏళ్లు. తీవ్రమైన హింస, లైంగిక, ఉగ్రవాద నేరాలకు 4 ఏళ్లకు మించి పడితే ఎన్నటికీ స్పెంట్ కాదు. 18 ఏళ్ల లోపు పడిన శిక్షకు గడువు సగమే. ఇవి 2023 అక్టోబరు 28 నుంచి వచ్చిన లెక్కలు, పాత పట్టికలు చూసి బెంగపడకండి. అనుమానం తీరకపోతే ఎవరి రికార్డుకు వాళ్లే బేసిక్ డీబీఎస్ సర్టిఫికెట్ (నేర రికార్డు చూపే ప్రభుత్వ పత్రం) తీసుకోవచ్చు. అందులో స్పెంట్ కానివే కనిపిస్తాయి.

ప్రశ్న: మా తమ్ముడి మీద గుంటూరులో 498ఎ కేసు నడుస్తోంది. ఇక్కడ నాతో ఉంటున్నాడు. చెప్పాలా?

జవాబు: ప్రశ్న శిక్షల గురించి మాత్రమే అయితే అక్కర్లేదు, ఇంకా శిక్ష పడలేదు. ‘విచారణలో ఉన్న కేసులు’ అని కూడా ఉంటే చెప్పాలి. ఏ దేశంలో అన్న పరిమితి ఆ ప్రశ్నలో సాధారణంగా ఉండదు. ఎఫ్‌ఐఆర్ దగ్గరే ఆగిందా, చార్జిషీటు పడిందా అన్నది తేల్చుకుని, ఏ దశలో ఉందో అలాగే రాసి కంపెనీని అడగండి. కొట్టేస్తే అక్కడితో సరి.

ప్రశ్న: పై గదిలో అద్దెకున్న కుర్రాడు నగలు పట్టుకుపోతే బీమా వస్తుందా?

జవాబు: తాళం పగలగొట్టిన ఆనవాళ్లు లేకుండా, ఇంట్లో ఉండే హక్కున్నవాళ్లు చేసిన దొంగతనానికి చాలా పాలసీలు డబ్బివ్వవు. అతనికి రికార్డు ఉన్నా లేకున్నా ఇంతే. అద్దెకున్నవాళ్ల సంగతి ముందే చెప్పారా అన్నది కూడా చూస్తారు.

ప్రశ్న: మా అమ్మాయి శిక్ష చెప్పలేదని క్లెయిమ్ మొత్తం కొట్టేశారు. ఏం చేయాలి?

జవాబు: మూడు అడగండి, రాతలో: మీకు వేసిన ప్రశ్న అక్షరాలా ఏమిటి, దానికి మీరిచ్చిన జవాబు రికార్డు, నిజం తెలిస్తే వాళ్ల నిబంధనల ప్రకారం ఏం చేసేవారు. అప్పటికే శిక్ష స్పెంట్ అయి ఉంటే వాళ్ల వాదన నిలవదు. తర్వాత కంపెనీకి ఫిర్యాదు పెట్టండి. తుది జవాబుకు వాళ్లకు 8 వారాలుంటాయి. అది నచ్చకపోయినా, గడువులోగా రాకపోయినా ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, ఖర్చు లేదు. తుది జవాబు వచ్చిన 6 నెలల్లోపు వెళ్లాలి, కాబట్టి ఆ ఉత్తరం తేదీ ఉన్న పేజీని జాగ్రత్త చేయండి.