గెయిన్ తిప్పే ముందు మీటరు తీయి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

అమలాపురంలో కారు స్టీరియోల దుకాణం తెరిచి నెల కాకుండానే రెండు సబ్ వూఫర్లు, అదే బాస్ మోగించే పెద్ద స్పీకర్లు, కాలి వెనక్కి వచ్చాయని ఫోనులో చెప్పావు. సరుకు మంచిది కాదని నీ అనుమానం. “శబ్దం చాలకపోతే గెయిన్ తిప్పుతాను” అన్నావు చూడు, నా అనుమానమంతా ఆ మాట మీదే.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు నాన్నా. స్టీరియో నుంచి ఒక బండిలో 2 వోల్టులు వస్తాయి, ఇంకో బండిలో 4 వస్తాయి. వచ్చేదానికి తగ్గట్టు, స్పీకర్లకు శక్తినిచ్చే యాంప్లిఫయర్‌ను సరిపెట్టడానికే ఆ బిరడా ఉంది. మన లాకుల దగ్గర కాలువలో నీటిమట్టం చూసి తలుపులు ఎత్తుతారు, అలాగన్నమాట. గెయిన్ ఎంత పెంచినా యాంప్లిఫయర్ శక్తి పెరగదు. తక్కువ వాల్యూమ్‌లోనే దాని హద్దు వచ్చేస్తుంది. హద్దు దాటితే శబ్దపు అల తల తెగి చదునవుతుంది, దాంతో పుట్టే వేడికి వాయిస్ కాయిల్, అంటే స్పీకరు లోపలి రాగి తీగ చుట్ట, మాడుతుంది.

నేనూ భీమవరంలో కొత్తగా పని మొదలుపెట్టినప్పుడు, సంక్రాంతి రద్దీలో ఒక కారుకు చెవితోనే గెయిన్ పెట్టి పంపాను. భోగి నాటి సాయంత్రానికి బండి తిరిగొచ్చింది. డిక్కీ ఎత్తగానే కాలిన వార్నిష్ వాసన. కోనును నాలుగు వేళ్లతో మెల్లగా నొక్కితే లోపల గరగరమని రాసుకుంది. విప్పి చూస్తే రాగి తీగ నల్లబడి, చుట్లు ఊడి వేలాడుతున్నాయి. ఆయనకు కొత్తది నా డబ్బుతో వేసిచ్చాను. మర్నాడే మల్టీమీటర్ కొన్నాను.

మీటరుతో గెయిన్ పెట్టే పద్ధతి చెబుతాను విను. ముందుగా స్పీకరు తీగలు విప్పేసి, గెయిన్‌ను పూర్తిగా తగ్గించు. స్టీరియోలో బాస్, ట్రెబుల్ సున్నాకు తెచ్చి, లౌడ్‌నెస్ ఆపు. యాంప్లిఫయర్ మీద ఉండే బాస్ బూస్ట్ కూడా ఆపాలి, మరవకు. అది 6 డెసిబెల్స్ పెంచితే ఆ బాస్ స్వరాల దగ్గర నాలుగు రెట్ల శక్తి అడుగుతుంది. ఇంజను ఆన్‌లో ఉంచు, కానీ షట్టరు దించిన గదిలో మాత్రం వద్దు, పొగ ప్రాణం తీస్తుంది. స్టీరియో వాల్యూమ్ 40 వరకు ఉంటే 30 దగ్గర పెట్టు. 0 డెసిబెల్ స్థాయిలో, అంటే డిజిటల్ రికార్డింగులో గరిష్ఠ స్థాయిలో, రికార్డు చేసిన 50 హెర్ట్జ్ స్వరాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మోగించు. బ్లూటూత్ వద్దు, ఫోను వాల్యూమ్ మధ్యలో దూరి లెక్క చెడగొడుతుంది.

ఇక లెక్క. వాట్లను స్పీకరు మీద రాసి ఉండే ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే వోల్టులు వస్తాయి. యాంప్లిఫయర్ 400 వాట్లు ఇవ్వగలిగినా, సబ్ వూఫర్ నిలకడగా మోసేది 250 వాట్లే అయితే చిన్న అంకెనే తీసుకో. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే గరిష్ఠ వాట్లను పట్టించుకోకు. సబ్ వూఫర్ 4 ఓమ్‌లదైతే, 250ని 4తో గుణిస్తే 1000, వర్గమూలం 31.6. మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, స్పీకరు తీగలు బిగించే చోట ఆనించి, 31.6 కనిపించేదాకా గెయిన్ నెమ్మదిగా తిప్పు. అక్కడ ఆగి పెయింటు చుక్క పెట్టు. తీగలు మళ్లీ బిగించేది స్వరం ఆపాకే.

డోరు స్పీకర్లకూ ఇదే పద్ధతి, స్వరం మాత్రం 1000 హెర్ట్జ్. చవక మీటర్లు చాలావరకు ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ దగ్గరే నిజం చెబుతాయి, అందుకని నీ మీటరు ఎంతవరకు కొలవగలదో దాని కాగితంలో చూసుకో.

మన సముద్రపు గాలిని కూడా లెక్కలో పెట్టుకో. అంతర్వేది వైపు నుంచి వచ్చే బండ్లలో ఎర్త్ వైరు బిగించిన చోట చిలుము పట్టి ఉంటుంది. పెయింటు గీకి, లోహం మెరిసేదాకా రుద్ది బిగించు. ఎర్త్ సరిగా లేకపోతే ఇంజను రొద స్పీకర్లలో వినిపిస్తుంది, గెయిన్ ఎక్కువైతే ఆ రొద ఇంకా పెరుగుతుంది.

“ఇంకాస్త పెంచు తమ్ముడూ” అని బండి వాళ్లు తప్పక అడుగుతారు. పెంచకు. మీటరు చూపించి ఓపికగా చెప్పు. శబ్దం నిజంగా చాలకపోతే పెద్ద యాంప్లిఫయర్, దానికి తగిన సబ్ వూఫర్ వేయించుకోమను.

కాలిన ఆ రెండింటినీ పారేయకు. ఆదివారం చించినాడ వంతెన మీదుగా వస్తాను, ఇద్దరం కలిసి విప్పి చూద్దాం.

మీ మామయ్య