అన్నలు అడవి వదిలి ఎందుకొస్తరు? మా మేనమామను బట్టి చెప్తున్న

అడవిల ఉన్న అన్నలు, అంటే మావోయిస్టులు, సిద్ధాంతం మీద నమ్మకం పోయి వస్తరా, పోలీసుల ఒత్తిడికి వస్తరా అని అడిగిన్రు. నన్నడిగితే రెండూ వెనకొచ్చే సంగతులే. మా మేనమామ దళంల పనిచేసి బయటికొచ్చిన మనిషి, ఆయన్ని బయటికి తెచ్చింది పన్ను నొప్పి.

నవ్వకున్రి. వానాకాలం, అడవిల, దవడ వాచి బువ్వ నమలరాక గంజి తాగుకుంట నడిచిండట. టౌన్‌కు పోయి చూపించుకొస్త అంటే షెల్టర్ (దాక్కునే ఇల్లు) లేదు, ఇప్పుడు కుదరదు అన్నడు కమాండర్. కొన్నాళ్లకు అదే కమాండర్ కంటి ఆపరేషన్‌కు పట్నం పోయొచ్చిండు, అప్పుడు షెల్టర్ దొరికింది, తోడు మనిషి దొరికిండు, పైసలు గూడ దొరికినయి. మీటింగ్‌ల మామ ఈ ముచ్చట లేపిండు. వాళ్లకు విమర్శ, ఆత్మవిమర్శ అని ఒక పద్ధతి ఉంటది గదా, చిన్నా పెద్దా లేకుండ అందరి తప్పులు మాట్లాడుకోవాలె. కమాండర్ గురించి ఒక్కరు నోరు మెదపలే, మామకేమో "పెటీ బూర్జువా బలహీనత", అంటే మధ్యతరగతోళ్ల సుఖాల బుద్ధి, అని రాసి పైకి పంపిన్రు. ఆఖరికి దళంల డాక్టర్ అని పిలిచేటోడు, నాలుగు రోజులు ట్రైనింగ్ తీసుకున్న పిల్లగాడు, కటింగ్ ప్లేయర్‌తోని పీకితే సగం పన్ను లోపలే ఇరిగింది. "దోస్తులు ఎన్‌కౌంటర్ల పోయినప్పుడు గూడ ఇంటికి పోవాలె అనిపియ్యలేరా, ఆ మీటింగ్ అయిన రాత్రి అనిపిచ్చింది" అంటడు.

పెద్ద పెద్ద నాయకులకే దిక్కు లేకుంటుండె. 2021 జూన్‌ల హరిభూషణ్, అదే ఏడు అక్టోబర్‌ల ఆర్కే, 2023ల కటకం సుదర్శన్, ముగ్గురూ జబ్బుతోనే పోయిన్రు, తూటాతోని కాదు. పెండ్లి చేసుకుంటే పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేయించుకోవాలె అనే రూల్ ఒకటి. నడి వయసుల మోకాళ్లు పట్టేసినంక మనిషి దేని గురించి ఆలోచిస్తడో మీరే చెప్పున్రి. పెద్ద నాయకులే 2017ల జంపన్న లొంగిపోయినప్పుడు, 2025 అక్టోబర్‌ల గడ్చిరోలిల మల్లోజుల వేణుగోపాల్ 60 మందితోని లొంగిపోయినప్పుడు సిద్ధాంతం, పరిస్థితుల గురించి టీవీలల్ల శానా మాట్లాడిన్రు. అవన్నీ ఉంటయి, కాదంటలేను, కానీ ముందు మనసు ఇరుగుతది, కారణాలు తర్వాత దొరుకుతయి.

అయితే అనిపించంగనే రాలేడు. ఇటు వస్తే పోలీసులు ఎన్‌కౌంటర్ చేస్తరని భయం, అటు దళపోళ్లకు దొరికితే కోవర్టు, అంటే పోలీసుల మనిషి, అని లేపేస్తరని భయం. మా అమ్మ తెలిసిన విలేకరి ఒకాయన్ని బతిమిలాడి, ముందు పేపర్ల వార్త వచ్చేటట్టు చూసి, అప్పుడు తమ్మున్ని స్టేషన్‌కు తీస్కపోయింది. పేపర్ల పేరు పడ్డంక మనిషిని మాయం చేసుడు అంత అల్కగ కాదు గదా. ఆ విలేకరి లేకుంటే మామ ఇంకా అడవిలనే ఉంటుండె, లేకుంటే అసలే లేకుంటుండె. చెయ్యి పట్టుకొని తీస్కొచ్చే మనిషి ఒకడుండాలె, రివార్డు పైసలు ఎంత పెంచినా అది లేకుంటే ఎవ్వడు కదలడు, రాసిపెట్టుకోండి.

ఇగ వచ్చినంక మర్యాద చూడున్రి. ప్రెస్‌మీట్ పెట్టి, శాలువ కప్పి, "జనజీవన స్రవంతి" అని దంచి ఫొటోలు దిగిన్రు. తర్వాత ఏటా జులై 28 నుంచి అమరుల వారం, డిసెంబర్ 2 నుంచి పీఎల్‌జీఏ (మావోయిస్టుల సైన్యం) వారం వస్తున్నయంటే సాలు, స్టేషన్‌కు రా, సంతకం పెట్టు, పొద్దుగూకేదాక బల్ల మీద కూసో. ఊళ్లె దొంగతనం జరిగినా ముందు ఆయన్నే పిలుస్తరు. ఇది చూసి లోపలున్నోళ్లు వస్తరా?

ఇంకో ముచ్చట, మామ తుపాకి ఇడిసిండు గని ఆలోచన ఇడువలే. భూమి దున్నెటోనిదే అని ఇప్పటికీ మాతోని కొట్లాడతడు. ఓటు మాత్రం తప్పకుండ ఏస్తడు, ఎవరికేసిండో అత్తకు గూడ చెప్పడు.