దీపం పెట్టినా భయం వీడటం లేదు

ప్రశ్న: మా అమ్మ పోయి ఆరు నెలలైంది. మంచం పట్టిన రోజుల్లో నన్ను చూడాలని ఉందని కబురు పెట్టినా, సెలవు దొరకలేదంటూ నేను వెళ్ళలేదు. అక్క ఒక్కతే అన్నీ చేసింది. కర్మల రోజుల్లో ఇంట్లో గరుడ పురాణం చదివించారు. యమలోకంలోని శిక్షల గురించి విన్నప్పటి నుంచి, దీపం పెట్టినా భగవంతుడు నా తప్పు రాసుకుంటున్నట్టే ఉంటోంది. ఈ భయం పోయే మార్గం ఉందా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు బాధలు కలగలిసి ఉన్నాయి. వెళ్ళలేకపోయానన్న పశ్చాత్తాపం నిజమైనది, దానిని తోసివేయమని నేను చెప్పను. చిత్రగుప్తుడి చిట్టా గురించిన భయం మాత్రం వేరే చోట పుట్టింది.

సృష్టికి ముందు ఒంటరిగా ఉన్న ఆత్మ కూడా మొదట భయపడిందని, తనకంటే వేరైనది ఏదీ లేనప్పుడు దేనికి భయపడాలని తలచగానే ఆ భయం తొలగిందని బృహదారణ్యకోపనిషత్తు చెబుతుంది. 'ద్వితీయాద్వై భయం భవతి', అంటే రెండవది ఉన్నప్పుడే భయం. దీపం ముందు కూర్చున్నప్పుడు తప్పు చేసిన కూతురు ఒకరు, ఆమెను క్షమించని న్యాయాధికారి మరొకరు మీలోనే ఎదురెదురుగా నిలబడుతున్నారు. ఆ న్యాయాధికారినే మీరు దేవుడనుకుంటున్నారని నాకు తోస్తోంది. అమ్మను తలచుకుని కుమిలిపోతున్న మనసులో ఉన్నదీ ఆ భగవంతుడే కదా!

అలాగైతే తప్పు తప్పు కాకుండా పోతుందా అంటే, పోదు. 'మంచి ఎందుకు చేయలేదు, పాపం ఎందుకు చేశాను' అన్న తాపం బ్రహ్మానందాన్ని ఎరిగినవారిని దహించదని చెప్పిన తైత్తిరీయోపనిషత్తే, అంతకు ముందు 'మాతృదేవో భవ' అని కూడా ఆదేశించింది.

యముడి గురించి విన్నారు కనుక కఠోపనిషత్తులోని యముణ్ణి కూడా తెలుసుకోండి. తన వాకిట మూడు రాత్రులు అన్నం లేకుండా ఎదురుచూసిన నచికేతుడనే బాలుడికి ఆయన నమస్కరించి, ఆ లోపానికి బదులుగా మూడు వరాలిచ్చి, చివరకు ఆత్మవిద్యను బోధించాడు. మృత్యుదేవత గురువైన ఈ ఘట్టం నాకు ఎంతో ఇష్టమైనది. నచికేతుడు ఆత్మ సంగతి మూడవ వరంగా అడిగాడు. మొదటి వరంగా కోరినది తనపై తండ్రికి ఉన్న కోపం చల్లారి, ఆయన మనసు శాంతించాలని.

మీకూ ఆ వరుసే తగినదని నా అభిప్రాయం. అమ్మగారి దగ్గర చెప్పలేకపోయిన మాట వినడానికి మీ అక్కగారు ఉన్నారు. సంవత్సరీకం దాకా ఆగకుండా ఒకసారి వెళ్ళి, సెలవు సంగతి పక్కన పెట్టి, 'నేను రావలసింది, రాలేదు' అని ఆమెతో చెప్పండి; అమ్మ ఆఖరి రోజులు ఎలా గడిచాయో ఆమె నోటితోనే పూర్తిగా వినండి. ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి అమ్మ పటం ముందు దీపం పెట్టండి.