విమానం పడ్డాక మొదలయ్యే కథ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. గాల్లో ఇంజన్ దెబ్బతినడం, పైలట్ టెన్షన్, కింద దగ్గరవుతున్న పొలం, అన్నీ కళ్లకు కట్టాయి. కానీ విమానం నేలకు తగలగానే 'పైలట్ తొందరపాటే కారణం' అని ఒక్క వాక్యంతో ముగించేశావు. అక్కడ నాకు నిజంగా బాధేసింది.

2015 మార్చి 5న నటుడు హారిసన్ ఫోర్డ్ పడిన ప్రమాదం తీసుకో. ఆయన నడిపింది 1942 నాటి ర్యాన్ శిక్షణ విమానం, పైన కప్పు కూడా ఉండదు. అమెరికాలోని శాంటా మోనికాలో ఎగిరిన కాసేపటికే ఇంజన్ పవర్ పోయింది, రన్‌వేకి తిరిగొద్దామంటే అందేలా లేదు, పక్కనున్న గోల్ఫ్ మైదానం వైపు దించుతుంటే చెట్టు పైభాగానికి తగిలి పడిపోయింది. వార్తకైతే అంతవరకు చాలు. అక్కడ విమాన ప్రమాదాల మీద దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ ఎన్‌టీఎస్‌బీ వాళ్లు మాత్రం కార్బురేటర్, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం, విప్పారు. అందులో పెట్రోలు ఎంత పోవాలో కొలిచే చిన్న రంధ్రమున్న ముక్క ఉంటుంది, దాన్ని మెయిన్ జెట్ అంటారు. దాని మర వదులై, ఉండాల్సిన చోటు నుంచి ఊడి, 90 డిగ్రీలు తిరిగిపోయి ఉంది. దాంతో ఇంజన్‌లోకి పెట్రోలు మరీ ఎక్కువగా పోయి, పవర్ పడిపోయింది. సరే, ఆ జెట్ బిగింపు ఎలా చూసుకోవాలని మాన్యువల్‌లో ఉందా అని వెతికారు. లేదు.

నన్ను ఇప్పటికీ వదలనిది వాళ్లు అడిగిన ఇంకో ప్రశ్న. విమానం ఎందుకు పడిందో తెలిసింది, మరి ఫోర్డ్‌కి అంత తీవ్రమైన దెబ్బ ఎందుకు తగిలింది? భుజం బెల్టును సీటు వెనక భాగానికి, అక్కడ దన్నుగా ఇంకేమీ వేయకుండానే బిగించారు. విమానం నేలను గుద్దినప్పుడు ఆ బోల్టు సీటును చీల్చుకుని వచ్చేసింది. ఇలాంటిది ఊహించి రాయలేం తమ్ముడూ, వెళ్లి చూడాలి.

దర్యాప్తు ఉన్నది తప్పు ఎవరి నెత్తినో వేయడానికి కాదు, మళ్లీ జరగకుండా చూడటానికే అని అంతర్జాతీయ విమానయాన నిబంధనల 13వ అనుబంధం స్పష్టంగా చెబుతుంది. నీ పైలట్‌ని కూడా ఆ కళ్లతోనే చూడు. అతను తొందరపడ్డాడే అనుకో, ఆ తొందర ఎక్కణ్ణుంచి వచ్చింది?

మీ ఊళ్లో పాత స్కూటర్లు బాగుచేసే మెకానిక్ దగ్గర ఒక పూట కూర్చో. కార్బురేటర్ విప్పించి, జెట్ చేతిలోకి తీసుకుని చూడు, ఎంత చిన్నదో! తర్వాత ఆ చివరి రెండు పేజీలు కొట్టేసి, ఇంజన్ విప్పుతున్న మనిషి దగ్గర నుంచి మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.